మాయ: జల్లెడయా, కార్ఖానాయా?

కాన్పు కాగానే మాయను పాతిపెట్టి మరచిపోవుట మన పల్లెలలో వాడుక. శిశువు తొమ్మిది నెలలు దానిపైననే ఆధారపడి బ్రదుకును. అయినను అది చేయు పని ఎట్టిదో శాస్త్రజ్ఞులకు సైతము చాలకాలము తెలియలేదు.

తల్లి రక్తమే నేరుగా బిడ్డలోనికి పారునని వెనుకటివారు పలువురు తలచిరి. 18వ శతాబ్దిలో లండనునందు విలియం హంటర్, జాన్ హంటర్ సోదరులు మరణించిన గర్భిణుల రక్తనాళములలోనికి రంగు మైనము ఎక్కించి చూచి, ఆ రెండు రక్తములు కలియవని తేల్చిరి. (ఈ కీర్తి ఎవరిదని అన్నదమ్ములు పిదప కలహించుకొనిరి, అది వేరు కథ.) రక్తము కలియనిచో ఆహారము దాటుటెట్లు? మాయ జల్లెడ వంటిదనియు, పదార్థములు దాని గుండ తమంత తాము జారుననియు సమాధానము చెప్పుకొనిరి.

రక్తములోని అమైనో ఆమ్లములను కొలుచు పద్ధతులు 20వ శతాబ్ది తొలినాళ్లలో వచ్చినవి. మాంసకృత్తులకు ఇటుకలు ఈ ఆమ్లములే. కొలిచి చూడగా అవి తల్లి రక్తములోకన్న శిశువు రక్తములోనే హెచ్చుగా కనబడినవి! నీరు పల్లమునకు పారుట సహజము. మెరకకు ఎక్కవలెనన్న మోట కావలెను. మాయలోని కణములు శక్తి వెచ్చించి అట్టి మోటనే తోలుచున్నవి.

అంతటితో ఆగలేదు. అమెరికాలోని కొలరాడోలో బటాలియా, మెస్కియా అను శాస్త్రజ్ఞులు గర్భములోనున్న గొఱ్ఱెపిల్లల రక్తనాళములలో సన్నని గొట్టములు అమర్చి, మాయకు వచ్చునదెంత, పోవునదెంత అని లెక్క కట్టు పద్ధతిని పెంపొందించిరి. గొఱ్ఱె మాయ పిల్ల నుండి సెరీన్‌ను తీసికొని, గ్లైసీన్‌గా మార్చి తిరిగి ఇచ్చునని ఈ విధమైన పరిశోధనల వలన తెలిసినది. జల్లెడ అట్టి పని చేయునా? అది కార్ఖానాయే.

కాని ఈ కార్ఖానాకు ఒక హద్దు కలదు. లైసీన్ వంటి అత్యవసర ఆమ్లములను అది తయారుచేయలేదు. తల్లి తినవలె, మాయ అందింపవలె. ఇక్కడనే మన ఖానాపూర్ ప్రస్తావన వచ్చును. ఆదిలాబాదు సీమలో తరతరములు జొన్నరొట్టె తిని బ్రదికినవి. జొన్నలో లైసీన్ తక్కువ, ల్యూసీన్ ఎక్కువ. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో గోపాలన్, శ్రీకంఠయ్యగార్లు, జొన్న తినువారికి వచ్చు పెల్లాగ్రా వ్యాధికి ఈ ల్యూసీన్ మితిమీరుటయే కారణము కావచ్చునని 1960లో సూచించిరి. ఆ వాదముపై తరువాత భేదాభిప్రాయములు వచ్చినవి. లైసీన్ కొరతపై మాత్రము వివాదము లేదు.

ఆ కొరతను కందిపప్పు పూడ్చును. జొన్నచేలో కందిసాళ్లు వేయుట మన రైతులకు పాత అలవాటే. అయితే పప్పుగిన్నె గర్భిణియైన కోడలి వద్దకు వచ్చుసరికి అడుగంటుట ఇంకను అనేక ఇండ్లలో చూచుచున్నాము.