మూసీనది నేర్పిన పాఠము

నగరమును తీర్చిదిద్దుటకు వీధులను, మేడలను చూచిన చాలదు. ఆ నగరమునకు నీరు వచ్చు దారిని కూడ చూడవలయును. ఈ సత్యమును హైదరాబాదు కన్నీటితో నేర్చుకొనెను.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది నగరముపై విరుచుకొనిపడెను. ఎగువనున్న శంషాబాదులో ఒక్క దినముననే సుమారు 32 సెంటీమీటర్ల వాన కురిసెను. తీరమునందలి పేటలు కొట్టుకొనిపోయెను. మృతులు సుమారు 15,000 మంది యని చెప్పుదురు. నేటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు నెక్కి 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని ప్రసిద్ధి.

మరుసటి సంవత్సరము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రావించెను. ఆయన నదీతీరముతో తృప్తినొందక పరీవాహప్రాంత మంతయు పరిశీలించెను. అందు 788 చెరువులుండగా 221 చెరువులు తెగినట్లు తేలెను. ఎగువ చెరువు కట్ట తెగినచో ఆ నీరు దిగువ చెరువుపై బడి దానిని గూడ తెంచును. ఇట్లు వాన వరదయై, వరద ప్రళయమయ్యెను.

కావున వరదను నగరమునకు ఎగువనే నిలిపి, మెల్లగా విడుచుటయే తరుణోపాయమని ఆయన నిర్ణయించెను. 1912లో నగరాభివృద్ధికై సిటీ ఇంప్రూవ్‌మెంటు బోర్డు ఏర్పడెను. మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. ప్రాణములు తీసిన నీరే దాహము తీర్చునదయ్యెను.

జలాశయమును కట్టుట ఒక యెత్తు. దానిలోనికి నీరు దెచ్చు నేలను కాపాడుట మరియొక యెత్తు. 1996 మార్చి 8న వెలువడిన 111వ నంబరు జి.వో. జలాశయములకు 10 కిలోమీటర్ల లోపల, 84 గ్రామములలో, కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాసపు కాలనీలను నిషేధించెను. 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ నిషేధమును సమర్థించెను. ఇరుగుపొరుగు భూముల ధరలు పెరుగుచుండగా, తమ పొలములు మాత్రము పొలములుగనే మిగిలినవని అచ్చటి రైతులు మొరపెట్టుకొనిరి. కృష్ణా, గోదావరీ జలములు నగరమునకు చేరినందున ఈ జలాశయముల యవసరము తగ్గెనని పలికి, ప్రభుత్వము 2022 ఏప్రిల్ 12న ఆ నిబంధనలను సడలించెను.

దాహము తీర్చుటకు వేరు నదులుండవచ్చును. కాని వరద నాపుటకు వేరు జలాశయములు లేవు. 2020 అక్టోబరు కుంభవృష్టికి హిమాయత్‌సాగరము గేట్లు ఎత్తవలసివచ్చిన సంగతి మరువరాదు. రైతుల మొరయు అసత్యము కాదు. నగరక్షేమమునకై తన నేలను నేలగా నుంచు రైతునకు కలుగు నష్టమును నగరమే భరించుట న్యాయము. ఎగువ పల్లెయు దిగువ పట్టణమును ఒకే నీటిచే బంధింపబడినవి. ఆ బంధమును గుర్తింపని ప్రణాళిక, ఎంత సుందరముగ గీచినను, కాగితముపై చిత్రమే.