వెలుగు దొరికాకే ఈగ దొరికింది
పరాగ కీటకాల ఫోటోగ్రఫీపై ఒక పరిశీలన

తేనెటీగలనూ, పూల మీద వాలే ఇతర కీటకాలనూ దగ్గరగా చూపించే ఫోటోల చరిత్రను మామూలుగా లెన్సుల చరిత్రగా చెబుతుంటారు. ముందు సూక్ష్మదర్శిని, తర్వాత మాక్రో లెన్సు, ఆ తర్వాత డిజిటల్ కెమెరా. మెట్టు మెట్టుకీ పురుగు ఇంకాస్త పెద్దదైంది, ఇంకాస్త స్పష్టంగా కనిపించింది అన్నది ఆ కథ. అందులో తేదీలు తప్పని కాదు, కొలతే సరైనది కాదు. పురుగు ఎంత పెద్దగా కనిపించిందన్నది ఒక ప్రశ్న. అది పువ్వు మీద ఏం చేస్తోందో కనిపించిందా అన్నది వేరే ప్రశ్న. పుప్పొడి మోసే కీటకాన్ని మిగతా పురుగుల నుంచి వేరు చేసేది ఆ పనే కాబట్టి, ఈ ఫోటోగ్రఫీ ఎదుగుదలను రెండో ప్రశ్నతోనే కొలవాలి. అలా కొలిస్తే మలుపులన్నీ చోటు మారతాయి. లెన్సు వెనక్కి జరిగి ఫ్లాష్ ముందుకొస్తుంది. అందరూ శిఖరమనుకునే ఇవాళ్టి దశ కొన్ని విషయాల్లో వెనకడుగుగా తేలుతుంది. తిరువూరు పక్కన గంపలగూడెం మండలంలో, కట్లేరు వాగు దగ్గరున్న వినగడప లాంటి ఊరి నుంచి చూస్తే ఇది పండితుల తగవుగా మిగలదు. ఆ చుట్టుపక్కల మామిడి తోటల్లో పూత పిందెగా మారడం ఏ కీటకాల మీద ఆధారపడి ఉందో, వాటి ఫోటోలే అన్నిటికన్నా తక్కువగా కనిపిస్తాయి.

తొలి దశలు అందరికీ తెలిసినవే. 1625లో ఇటలీలో స్టెలుటి తేనెటీగను సూక్ష్మదర్శినిలో చూసి బొమ్మలు వేయించాడు. 1665లో రాబర్ట్ హుక్ ఈగ కళ్లను, తేనెటీగ కొండిని గీసి చూపించాడు. ఫోటోగ్రఫీ పుట్టిన కొద్ది కాలానికే, 1840 ప్రాంతంలో, టాల్బట్ కీటకాల రెక్కలను సూర్యకాంతితో పనిచేసే సూక్ష్మదర్శిని ద్వారా కాగితం మీదికి తెచ్చాడు. వీటన్నిటిలోనూ కీటకం చచ్చినదో, ముక్కలు చేసినదో. మన తీరంలోనూ అదే విభజన సాగింది. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి చిత్రకారుల చేత కోరమాండల్ తీరపు మొక్కలను గీయించాడు. ఆ సంపుటాలు 1795 నుంచి వెలువడ్డాయి. ఆయన మిత్రుడు కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయేదాకా దక్షిణాదిలో మొక్కలు, పురుగులు సేకరించాడు. ఆయన పంపిన కీటకాల్లో ఎన్నిటికో ఫాబ్రిషియస్ పేర్లు పెట్టాడు. మన చిన్న తేనెటీగ ఏపిస్ ఫ్లోరియాకు 1787లోనూ, కొండ తేనెటీగ ఏపిస్ డోర్సాటాకు 1793లోనూ పేరు పెట్టినది ఆ ఫాబ్రిషియసే. 1897లో బింగ్‌హామ్ భారతదేశపు తేనెటీగలను, కందిరీగలను ఒక సంపుటంలో వర్ణించాడు. పువ్వు వృక్షశాస్త్రజ్ఞుడి కాగితం మీదికి, ఈగ కీటక శాస్త్రజ్ఞుడి సూది మీదికి వెళ్లాయి. పరాగ సంపర్కంలో కీటకాల పాత్రను స్ప్రెంగెల్ 1793లోనే గట్టిగా చెప్పినా, ఆ రెంటినీ కలిపి చూపే బొమ్మ చాలా కాలం అరుదుగానే ఉండిపోయింది.

అసలు వివాదం 1930ల నుంచి 1970ల దాకా సాగిన కాలం గురించి. వాడుకలో ఉన్న కథనం ఈ కాలాన్ని లెన్సులకు అప్పగిస్తుంది: 1936లో తీసే దృశ్యాన్ని లెన్సు గుండానే చూపించే 35 మిల్లీమీటర్ల ఎగ్జాక్టా వచ్చింది, 1955లో కిల్‌ఫిట్ మాక్రో లెన్సు వచ్చింది, 1961లో నికాన్ 55 మిల్లీమీటర్ల మైక్రో నికోర్ వచ్చింది, దాంతో పురుగుల లోకం తెరుచుకుంది. ఎగ్జాక్టా విషయంలో పేచీ లేదు. దూరం అంగుళాల్లో ఉన్నప్పుడు తీయబోయేదాన్ని సరిగ్గా చూడగలగడం పెద్ద సౌకర్యం. కానీ మాక్రో లెన్సు కొత్తగా ఇచ్చిందేమిటి? లెన్సుకూ ఫిల్ముకూ మధ్య గొట్టాలో బెల్లోసో తగిలిస్తే పురుగును దాని అసలు పరిమాణంలోనే ఫిల్ము మీద పడేలా చేయడం అంతకు ముందే సాధ్యం. మాక్రో లెన్సు ఆ పనిని చేతికి తేలిక చేసింది, అంచుల దాకా పదును నిలిపింది. అది మెరుగే. అసాధ్యాన్ని సాధ్యం చేయడం మాత్రం కాదు. పువ్వు మీది ఈగను ఫిల్ము మీదికి రాకుండా ఆపిన అడ్డంకి వేరే చోట ఉంది.

ఆ అడ్డంకి లెక్క వేస్తే తెలుస్తుంది. అసలు పరిమాణంలో తీసేటప్పుడు లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 16కు బిగించినా, ఫోకస్‌లో నిలిచే మందం సుమారు 2 మిల్లీమీటర్లే. చిన్న తేనెటీగ పొడవు సెంటీమీటరుకు లోపు. దాని కన్ను, కాలు, కాలికంటిన పుప్పొడి, పువ్వు కేసరం ఒకేసారి స్పష్టంగా రావాలంటే ఆ 2 మిల్లీమీటర్లలో దేన్నీ వదులుకోలేం. అందుచేత రంధ్రాన్ని పెద్దది చేసే వీలు లేదు. పైగా ఆ దూరంలో లెన్సు ముందుకు జరగడం వల్ల ఫిల్ము మీద పడే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది. 1961లో వచ్చిన కోడాక్రోమ్ 2 రంగుల ఫిల్ము వేగం 25. నడి ఎండలో ఎఫ్ 16 దగ్గర దానికి సెకనులో 25వ వంతు సరిపోతుంది. ఈ నష్టం కలిపితే సెకనులో ఆరో వంతు కావాలి. తేనెటీగ రెక్కలు సెకనుకు సుమారు 230 సార్లు ఆడతాయి. అంటే ఆ ఆరో వంతులో దాదాపు 38 సార్లు. రెక్కల సంగతి అలా ఉంచినా, గాలికి ఊగే పూగుత్తి ఆరో వంతు సెకను కదలకుండా ఉండదు. ఇక చెట్టు నీడలోకి వెళ్తే ఆ కాలం సెకను దాటుతుంది. ఈ లెక్కలో ఏ లెన్సు పెట్టినా జవాబు మారదు. మారాల్సింది వెలుగు.

వెలుగు మారిన తీరు కూడా కెమెరా కంపెనీల కథ కాదు. పారిస్‌లో మారే ఇన్‌స్టిట్యూట్‌లో లూసియన్ బుల్ 1904లోనే విద్యుత్ మెరుపులతో సెకనుకు వెయ్యికి పైగా చిత్రాల వేగంతో ఎగిరే కీటకాలను పట్టాడు కదా, మరి 1950ల దాకా ఆగడమెందుకు అని అడగవచ్చు. న్యాయమైన ఆక్షేపణే. అయితే బుల్ పరికరం ప్రయోగశాలలో కదలకుండా ఉండేది. కీటకం ఒక గొట్టంలోంచి బయటికొస్తూ తానే మీట కదిపేది. అక్కడ తెలిసింది రెక్క ఎలా ఆడుతుందన్నది. పువ్వు లేదు, పువ్వుతో పని లేదు. 1930లలో హెరాల్డ్ ఎడ్జర్టన్ ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను వాడుకలోకి తెచ్చాక, ఆ మెరుపు క్రమంగా చేతిలో పట్టుకుని తిరిగేంత చిన్నదైంది. లెన్సు చుట్టూ అమరే వలయాకారపు ఫ్లాష్‌ను 1952లో లెస్టర్ డైన్ దంతవైద్యుల కోసం తయారుచేశాడు. 1962లో నికాన్ అలాంటి ఫ్లాష్‌ను లెన్సులోనే పెట్టి వైద్యుల కోసం అమ్మింది. నోట్లో పన్ను ఫోటో తీయడానికి పుట్టిన దీపం ఈగ ఫోటోకు పనికొచ్చింది, ఎందుకంటే రెండు చోట్లా ఇబ్బంది ఒకటే: దగ్గరితనం, చీకటి, కదలిక. ఫ్లాష్ మెరుపు వెయ్యో వంతు సెకనులోనో ఇంకా తక్కువలోనో ముగుస్తుంది, ఎఫ్ 16కు చాలినంత వెలుగిస్తుంది, నీడను లెక్కచేయదు. 1975లో స్టీఫెన్ డాల్టన్ స్వేచ్ఛగా ఎగిరే కీటకాల ఫోటోలతో పుస్తకం తెచ్చాడు. ఆ రెక్కల కోసం మామూలు ఫ్లాష్ కూడా చాలక ఇంకా పొట్టి మెరుపులు తయారు చేయించుకోవాల్సి వచ్చింది. అదే ఏడు ఒలింపస్ ఓఎం 2 కెమెరా, ఫిల్ము మీద పడిన వెలుగును అక్కడికక్కడే కొలిచి ఫ్లాష్‌ను ఆపడం మొదలుపెట్టింది. దూరం మారినప్పుడల్లా లెక్క వేసుకునే అవస్థ దాంతో తీరింది. నా వాదనలో కీలకం ఇదే: కీటకాన్ని చంపకుండా, పువ్వు నుంచి విడదీయకుండా, పనిలో ఉండగా చూపే ఫోటో మామూలు మనిషికి అందుబాటులోకి వచ్చింది ఈ రెండున్నర దశాబ్దాల్లోనే, అదీ ఫ్లాష్ చలవతోనే.

దీనికి రెండు మినహాయింపులు చెప్పుకోవాలి. ఫ్లాష్ వెలుగు దూరంతో పాటు చాలా వేగంగా పడిపోతుంది, కాబట్టి వెనకనున్న ఆకులు, కొమ్మలు నల్లబారిపోతాయి. పట్టపగలు తేనెటీగ అర్ధరాత్రి ఎగురుతున్నట్టు కనిపించే ఆ ఫోటోలు పువ్వును నిలబెట్టుకున్నా చెట్టును పోగొట్టాయి. ఇది చిన్న లోపం కాదు. రెండోది, ఇవాళ్టి డిజిటల్ సెన్సర్లు 3200 వేగంలోనూ పనికొచ్చే చిత్రం ఇస్తున్నాయి, ఇక ఫ్లాష్ దేనికన్న మాట. ఎండలో నిలిచి ఉన్న ఈగకు ఈ మాట నిజమే. కోడాక్రోమ్‌తో ఆరో వంతు సెకను పట్టినది సెన్సర్‌తో దాదాపు 800వ వంతులో అయిపోతుంది. కానీ మామిడి కొమ్మల నీడలో మళ్లీ వందో వంతుకు జారుతుంది; గాలికి ఊగే గుత్తి మీద నడిచే ఈగకు అది చాలదు. సెన్సర్ ఫ్లాష్ భారాన్ని తగ్గించింది, పరిసరాల వెలుగును ఫోటోలోకి తిరిగి తెచ్చింది. ఫ్లాష్ చేసిన మేలును కొట్టేయలేదు.

తెలుగు నేల మీద ఈ చరిత్ర ఇంకో మలుపు తీసుకుంది. విదేశీ కెమెరాలు, ఫ్లాషులు చాలా కాలం దిగుమతి ఆంక్షల కింద ఉండటంతో ఇక్కడ పరికరాలు ఆలస్యంగా అందాయన్నది నిజం. అయినా పరికరాల కొరతే అసలు కారణమంటే ఒప్పుకోవడం కష్టం, ఎందుకంటే పంటకు చేటు చేసే పురుగుల ఫోటోలు అదే కాలంలో వ్యవసాయ పత్రికల్లో, కరపత్రాల్లో విరివిగా వచ్చాయి. మామిడి రైతుకు తేనెమంచు పురుగు ఎలా ఉంటుందో తెలుసు. అది రసం పీల్చి, వదిలిన జిగురు మీద మసి తెగులు పట్టడమూ తెలుసు. అదే గుత్తి మీద పుప్పొడి మోసే ఈగల ముఖం మాత్రం ఆయనకు ఎవరూ ఫోటోలో చూపించలేదు. పూల వైపు నుంచి చూసినవాళ్లు విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు. సి. సుబ్బారెడ్డి, ఆ తర్వాత ఎ. జె. సాల్మన్ రాజు, వారి సహచరులు తూర్పు కనుమల మొక్కల మీద ఏ కీటకం ఎప్పుడు వాలుతోంది, వాలాక ఏం చేస్తోంది అని వరసగా నమోదు చేశారు. ఎర్రచందనం పూలకు తేనెటీగలే ఆధారమని 2002లో, పెద్ద తుమ్మెదల గూళ్ల గురించి, అవి వెళ్లే పూల గురించి 2006లో వెలువడిన వ్యాసాలు ఆ కోవలోవే. తర్వాతి వ్యాసాల్లో మొగ్గ, పువ్వు, దాని మీద వాలిన కీటకం ఒకే పుటలో రంగుల ఫోటోలుగా కనిపిస్తాయి. పోటీల్లో బహుమతులు తెచ్చే ఫోటోలు కావవి. అయినా రాక్స్‌బర్గ్ కాలంలో విడిపోయిన పువ్వునూ పురుగునూ మళ్లీ ఒకే పుట మీదికి తెచ్చినవి అవే కాబట్టి, మన దగ్గర ఈ ఫోటోగ్రఫీ చరిత్రను వాటితో మొదలుపెట్టడమే న్యాయం.

ఇక వర్తమానం. 1999లో కానన్ తెచ్చిన ఎంపీ‑ఈ 65 లెన్సు పురుగును అసలు పరిమాణానికి 5 రెట్లు చూపగలదు. అప్పుడు ఫోకస్ మందం వెంట్రుక వాసికి దిగుతుంది. దానికి విరుగుడుగా వేర్వేరు లోతుల్లో తీసిన పదులు, వందల ఫోటోలను కంప్యూటర్‌లో కలిపే స్టాకింగ్ వచ్చింది. లెవాన్ బిస్ 2016లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రదర్శించిన చిత్రాల్లో ఒక్కో కీటకం వేల ఫోటోల కలయిక. అమెరికా భూగర్భ సర్వే తేనెటీగల ప్రయోగశాలలో శామ్ డ్రోగీ బృందం నల్లని తెర ముందు తీసిన నమూనాలు ఎవరైనా వాడుకునేలా ఉచితంగా అందుతున్నాయి. జాతిని గుర్తించడానికి ఇవి అమూల్యం; చాలా తేనెటీగలను తోటలో తీసిన ఫోటోతో జాతి దాకా నిర్ధారించలేం, నమూనా ఉండాల్సిందే. ఆ మేలు ఒప్పుకుంటూనే చెప్పాలి: స్టాకింగ్‌కు కదలని పురుగు కావాలి, కదలని పురుగు పని చేయదు. అందుకే ఔత్సాహికుల చేతిలో ఈ పద్ధతి తెల్లవారుజామున పుల్లను కరిచిపట్టి నిద్రపోయే నీలి చారల తేనెటీగల దగ్గరికీ, ఫ్రిజ్‌లో చల్లబరిచిన ఈగల దగ్గరికీ, మంచు పేరుతో చల్లిన నీటి బొట్ల దగ్గరికీ చేరింది. ఎంతో అందంగా ఉండే ఈ బొమ్మల్లో పరాగ సంపర్కం లేదు. పువ్వు ఉన్నా అలంకారమే. 1625 నాటి సూది మీది ఈగ దగ్గరికే ఎక్కువ మెగాపిక్సెళ్లతో తిరిగి వెళ్లినట్టయింది. ఇప్పుడు కృత్రిమ మేధ గీసే తేనెటీగలూ వాటి పక్కన చేరుతున్నాయి. తేదీ, చోటు, చెట్టు పేరు లేని ఫోటోకూ వాటికీ సాక్ష్యంగా తేడా చూపడం రోజురోజుకూ కష్టమవుతోంది. తేదీ, చోటు అడిగే ఐనాచురలిస్ట్ లాంటి వేదికల్లో మామూలు ఫోన్‌తో తీసి పెట్టిన మసక ఫోటోలు వాటికన్నా ఎక్కువ చెబుతాయి.

అందమైన ఫోటో జనంలో తేనెటీగల మీద మమకారం పెంచుతుంది కదా, అదీ మేలే కదా అనవచ్చు. పెంచుతుంది, కానీ దేని మీద? మామిడి పువ్వు చిన్నది, తేనె పైపైనే ఉంటుంది. పొట్టి మూతి ఉన్న ఈగలకూ అందుతుంది. అందుకే ఆ పూత మీద తేనెటీగలతో సమానంగా, చాలాచోట్ల వాటికన్నా ఎక్కువగా, పచ్చగా మెరిసే పెద్ద ఈగలు, సిర్ఫిడ్ ఈగలు పనిచేస్తాయి. చెత్త మీద వాలే ఈగకు బహుమతి ఎవరూ ఇవ్వరు. దాని మీద మమకారం పెంచే ఫోటో కూడా అరుదు. ఫలితంగా పూత నిండుగా ఉన్నప్పుడు తేనెమంచు పురుగు కోసం మందు కొట్టే రైతుకు, తాను ఇంకేం చంపుతున్నాడో చూపే బొమ్మ దొరకదు. ఒక ఫోటో చూసి పిచికారీ మానేస్తారని నేననను. మందు కొట్టే వేళను నిర్ణయించేవి ధర, తెగులు భయం, పక్క తోట. అయినా కనపడని పనివాడికి వాదనలో చోటే ఉండదు. కాబట్టి వినగడప చుట్టుపక్కల పూతకాలంలో, ఒక సాధారణ మాక్రో లెన్సు, మెత్తటి వెలుగిచ్చే చిన్న ఫ్లాష్‌తో, బతికున్న ఈగను పుప్పొడితో సహా గుత్తి మీద తీసి, తేదీ, గంట, రకం పేరు రాసిపెట్టినవాళ్లే ఈ ఫోటోగ్రఫీని ముందుకు నడిపినట్టు. ఐదు రెట్లు పెంచిన నిద్రపోతున్న తేనెటీగకు గోడ మీద చోటివ్వవచ్చు. చరిత్రలో పై మెట్టు ఇవ్వాల్సిన పని లేదు.