సిద్దె నుండి తేలిక బండ దాకా

వంటగ్యాసు సిలిండరుకు తెలుగువారు పెట్టుకున్న పేరు 'బండ'. ఏ నిఘంటుకారుడూ పూనుకోకముందే దాని బరువును చూసి జనం పెట్టిన పేరది. ఖాళీగా ఉన్నప్పుడే పదిహేను కిలోలకు అటూ ఇటూ తూగే ఉక్కుపాత్రకు అంతకంటె తగిన మాట దొరకదు. 2021లో ఇండియన్ ఆయిల్ సంస్థ 'కాంపోజిట్' సిలిండరును తెచ్చినది. దాని బరువు ఉక్కుదానిలో సుమారు సగమే. "మేష్టారూ, ప్లాస్టిక్కులో గ్యాసేమిటండీ? మంట తగిలితే కరిగిపోదూ?" అని మా మైలవరంలో నన్ను అడిగినవారున్నారు. నేను తెలుగు చెప్పుకొని బ్రతికినవాడనే గాని శాస్త్రజ్ఞుడను కాను. అయినా ఈ ప్రశ్నకు చరిత్రలో కొంత సమాధానమున్నది గనుక ఈ టపా.

ప్రశ్న ఊసుపోకకు పుట్టినది కాదు. విజయవాడ ప్రక్కనుండి జగదల్‌పూర్ వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి కొండపల్లిని దాటి మా ఊరి మీదుగానే పోతుంది. ఆ దారిన ట్యాంకరు వస్తుంటే ప్రక్కకు ఒదిగి నిలబడడం మాకు అలవాటు.

తేలికపాత్రలో సరకు మోయడం కొత్త విద్య కాదు. పూర్వం నూనె, నెయ్యి తోలుసిద్దెలలో పోసి తరలించేవారు. కుండ పగులుతుంది, ఇత్తడి బిందె బరువు. తోలు పగలదు, బరువూ కాదు. తరువాత కిరసనాయిలు వచ్చినది. పలుచని రేకుడబ్బాలలో పోసి, చెక్కపెట్టెకు రెండేసి చొప్పున అమర్చి ఓడలలో దించేవారు. డబ్బా కారినా, సొట్టపడినా ఓడకే ముప్పు. 1892లో 'మ్యూరెక్స్' అనే ఓడ కిరసనాయిలును డబ్బాలు లేకుండా తన కడుపులోని తొట్లలోనే నింపుకొని సూయెజ్ కాలువ దాటినది. అటుపై పెద్ద తొట్ల యుగం వచ్చినది. ఉక్కు ఎంత మందమైతే అంత క్షేమమనే నమ్మకమూ బలపడినది.

ఆ నమ్మకానికి నిప్పు ఎదురైనప్పుడు ఏమవుతుంది? ద్రవరూపంలో ఉన్న గ్యాసు తొట్టిని మంట చుట్టుముడితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ద్రవం తగులుతున్న గోడను ఆ ద్రవమే కొంత చల్లబరుస్తుంది. పైనున్న ఖాళీభాగానికి ఆ రక్షణ లేదు. అక్కడ ఉక్కు మెత్తబడి ఒక్కసారిగా చీలిపోతుంది. ద్రవమంతా క్షణంలో మరిగి, రెండువందల రెట్లకు పైగా వ్యాపించి, అగ్నిగోళమవుతుంది. ఉక్కు చివరిదాకా బిగబట్టి, ఒక్కసారిగా ఓడిపోతుంది.

1978 జూలై 11న స్పెయిన్‌లో లాస్ అల్ఫాకెస్ అనే విడిదివద్ద ప్రొపిలీన్ ట్యాంకరు చీలి రెండువందల మందికి పైగా మరణించారు. అది ఉక్కు ట్యాంకరే. మోతాదు మించి నింపారు, ఒత్తిడిని వదిలే కవాటము లేదు. మన విశాఖలో 1997 సెప్టెంబరు 14న హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధికర్మాగారంలో కారిన వంటగ్యాసు అంటుకొని, నిల్వతొట్లు పేలి, సుమారు 60 మంది బలయ్యారు. ఆ తొట్లూ ఉక్కువే.

ఇక కాంపోజిట్ అంటే ఏమిటి? కొండపల్లి బొమ్మ ఎరిగిన మనకు ఇది తెలియని తత్త్వం కాదు. తేలికైన తెల్లపొణికి కొయ్యముక్కలను చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. విడిగా దేనికీ లేని బలం కూడికలో వస్తుంది. కొత్త బండలోనూ అంతే: లోపల ప్లాస్టిక్ పొర, దానిచుట్టూ జిగురులో తడిపి చుట్టిన గాజునార, పైన మరొక ప్లాస్టిక్ తొడుగు. మంటలో పై తొడుగు, జిగురు కాలుతాయి, లోపలి పొర కరుగుతుంది. అప్పుడు గాజునార సందులనుండి గ్యాసు కొద్దికొద్దిగా చెమర్చి, బయట మండి అయిపోతుంది. అదీ మంటే, అదీ ప్రమాదమే. కాని పాత్ర చీలి ముక్కలై ఎగిరిపడదు. 'కరిగిపోదూ' అన్న మిత్రుని భయంలోనే దాని రక్షణ ఉన్నది.

అలాగని తేలికదంతా క్షేమమని నేననను. వంటగ్యాసు ఒత్తిడి సాధారణంగా వాతావరణపు ఒత్తిడికి పదిరెట్లలోపే ఉంటుంది; వాహనాలలోని సి.ఎన్.జి.ది సుమారు రెండువందల రెట్లు. అక్కడ జిగురు కాలితే నార పట్టు తప్పి, పాత్ర పేలవచ్చును. పైగా నారగోడ వేడిని త్వరగా లోపలికి పోనీయదు కాబట్టి, ఒత్తిడి పెరిగితేనే తెరుచుకొనే కవాటము సమయానికి తెరుచుకోకపోవచ్చును. అందుచేత వేడి తగిలితే తెరుచుకొనే మీటను అమర్చుతారు. మంట దానికి దూరంగా ఒక్కచోటనే తగిలితే అదీ ఆలస్యమవుతుంది.

రహదారి ట్యాంకర్ల సంగతీ చూద్దాము. ఆమ్లాలవంటివాటికి నారప్లాస్టిక్ తొట్లు చిరకాలంగా వాడుకలో ఉన్నవి. ఇటువంటి రవాణాతొట్లకు ఐక్యరాజ్యసమితి నమూనా నిబంధనలలో 2021 నాటి ముద్రణలో ప్రత్యేక అధ్యాయం చేరినది. నిలువునా మంట చుట్టుముట్టినా అరగంటపాటు చెప్పుకోదగినంత కారకుండా తట్టుకోవాలన్నది అందులోని నియమం. మరొక చిక్కు స్థిరవిద్యుత్తు. పారే నూనె రాపిడికి పుట్టే విద్యుత్తును లోహం సులువుగా నేలకు దింపుతుంది. మామూలు ప్లాస్టిక్ దింపదు. ట్యాంకరు వెనుక గొలుసు వేలాడదీయడంలోని ఉద్దేశం ఆ విద్యుత్తును నేలకు దింపడమే. నారతొట్టిలో ఆ దారిని ప్రత్యేకంగా కల్పించాలి.

కాబట్టి పాత్ర ఎంత బరువని అడగడం చాలదు. నిప్పులో అది ఎలా ఓడిపోతుంది, లోపలిది బయటపడేందుకు దారి ఉన్నదా, ఆ దారిని గడువు తప్పకుండా పరీక్షిస్తున్నారా అని అడగాలి. సంస్కృతంలో 'లాఘవము' అంటే తేలికదనమూ, నేర్పూ కూడా. రెండవ అర్థం తోడు లేనిదే మొదటిది మనలను కాపాడదు.