గడియ కుడుక - ఇసుక గడియారము

“గడియ తీరిక లేదు” అని మనము తరచుగా అనుచుందుము. గడియ యనగా ఎంత కాలమో చెప్పగలవారు మాత్రము అరుదు. ఒక సూర్యోదయము మొదలు మరుసటి సూర్యోదయము వరకు గల కాలమును పూర్వులు 60 గడియలుగా విభజించిరి. నేటి లెక్కలో గడియకు 24 నిమిషములు. ఏడున్నర గడియలు ఒక జాము.

ఈ గడియను మన దేశమున కొలిచినది నీరు. అడుగున సన్నని రంధ్రము గల రాగి గిన్నెను నీటి తొట్టిలో విడిచెడివారు. నీరు మెల్లగా లోని కెక్కి, ఒక గడియకు గిన్నె మునిగెడిది. ఇదియే గడియ కుడుక. అహోరాత్రమున ఇట్టి గిన్నె 60 మార్లు మునుగవలెనని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. కావలివారు కంచు పళ్లెమును మ్రోగించి నగరమునకు కాలము చాటెడి పద్ధతిని 16వ శతాబ్దిలో బాబరు తన స్వీయచరిత్రలో వర్ణించెను. గడియారమను మాటయు గడియనుండి వచ్చినదే.

ఐరోపాలో ఇసుక గడియారము 1338 నాటి సియెనా నగర కుడ్యచిత్రమున కనబడుచున్నది. దానికి నిజమైన నెలవు సముద్రము. ఊగులాడు ఓడలో నీటి గిన్నె నిలువదు. గాజు బుడ్డిలోని ఇసుక ధార యించుమించు ఒకే వేగమున జారును. 1611లో గ్లోబు అను ఆంగ్లేయ నౌక నిజాంపట్నము, మచిలీపట్నము రేవులకు వచ్చెను. అట్టి నౌకలలో అరగంట కొకమారు బుడ్డిని త్రిప్పి కాలము లెక్కించెడివారు.

ఈ రెండు సాధనములును “ఇప్పుడు వేళ యెంత?” యను ప్రశ్నకు తమంతట బదులు చెప్పలేవు. గడచిన కాలమును మాత్రమే చూపును. లెక్క పెట్టుటకు మేలుకొన్న మనుష్యు డొకడు కావలెను. అతడు కునికెనా, పెండ్లింట ముహూర్తము తప్పును. కాపలా త్వరగా ముగియవలెనని నావికుడు ఇసుక పూర్తిగా జారకమునుపే బుడ్డిని త్రిప్పెనా, ఓడ ఎంత దూరము వచ్చినదో లెక్క తప్పును. చీకటిలో అది ప్రాణాపాయమే. కనుక ఆనాటి కాలగణనమునకు ఆధారము రాగియు గాజును మాత్రమే కాదు, కావలివాని నిజాయితీ కూడ.

ఇపుడు గిన్నెయు బుడ్డియు వాడుకనుండి తొలగినవి. గడియలు మాత్రము పంచాంగములలో నిలిచియున్నవి. వినుకొండ ప్రాంతపు ప్రత్తి, మిరప చేలలో “నాలుగు గడియల ప్రొద్దెక్కినది” అను మాట వినబడినచో, అది సూర్యోదయము తరువాత 96 నిమిషములని మనము లెక్క కట్టుకొనవచ్చును. ఆ లెక్క వెనుక రాత్రులెల్ల మేలుకొన్న పేరు తెలియని కావలివారిని స్మరించుట మన ధర్మము.