జాన్ ఫౌల్డ్స్: జీవిత, రచనల పరిశోధన

జాన్ హెర్బర్ట్ ఫౌల్డ్స్ (1880 నవంబర్ 2 – 1939 ఏప్రిల్ 25) ఆంగ్ల స్వరకర్త. మాంచెస్టర్‌లోని హల్మ్‌లో పుట్టి, కలకత్తాలో కలరా సోకి మరణించాడు. ఆయన మీద జరిగిన పరిశోధన చాలా మేరకు మాల్కమ్ మెక్‌డొనాల్డ్ (1948–2014) అనే స్కాట్లండ్ విమర్శకుడి ఒంటిచేతి కృషి.

ఫౌల్డ్స్ తండ్రి హాలే వాద్యబృందంలో బసూన్ వాయించేవాడు. కొడుకు 1900లో అదే బృందంలో, హాన్స్ రిక్టర్ నిర్వహణలో, సెల్లో వాద్యకారుడిగా చేరాడు. జనంలో ఆయన పేరు నిలిపింది 1911 నాటి 'కెల్టిక్ సూట్' లోని ఒక తేలికపాటి విషాద గీతిక. మొదటి ప్రపంచ యుద్ధ మృతుల స్మృతికి రాసిన 'ఎ వరల్డ్ రిక్వియమ్' 1923 నవంబర్ 11న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో దాదాపు 1,200 మంది గాయకులు, వాద్యకారులతో జరిగింది. 1926 వరకు ఏటా ఆ యుద్ధవిరమణ దినపు సంస్మరణ సందర్భంలోనే వినిపించారు. శ్రోతలు హాలు నింపినా పత్రికల విమర్శకులు పెదవి విరిచారు. రంగస్థలానికి అవలీలగా బాణీలు కట్టే మనిషి ఇంత బరువైన రచనకు పూనుకోవడం వారికి మింగుడు పడలేదు. బెర్నార్డ్ షా 'సెయింట్ జోన్' నాటకానికి 1924లో సంగీతం కూర్చింది కూడా ఈయనే.

ఫౌల్డ్స్ ఆలోచనలకు మొదటి ఆధారం 1934లో ఆయనే రాసిన 'మ్యూజిక్ టుడే' అనే పుస్తకం. ఆయన మరణం తర్వాత మూడున్నర దశాబ్దాల పాటు చెప్పుకోదగిన అధ్యయనం ఏదీ రాలేదు.

1970ల తొలినాళ్లలో మెక్‌డొనాల్డ్ లండన్‌లో భద్రపరచిన ఫౌల్డ్స్ చేతిరాత ప్రతులను చూసి ఆశ్చర్యపోయాడు. స్వరకర్త కుమార్తెను వెతికి పట్టుకున్నాడు. ఆమె కారు షెడ్డులో రెండు పెద్ద పెట్టెల నిండా ప్రతులు, చిత్తు కాగితాలు ఉన్నాయి. కొన్నింటిని భారతదేశంలో ఉండగానే ఎలుకలు, చీమలు పాడుచేశాయి. అంతటి శిథిల సామగ్రిని సరిపోల్చి, కాలక్రమంలో పేర్చి, రచనల పట్టిక తయారుచేయడం అసాధారణమైన ఓపిక కోరే పని. ఫలితం 1975లో వెలువడిన జీవిత–సంగీత పరిచయ గ్రంథం. దాన్ని విస్తరించి 1989లో మళ్లీ ప్రచురించాడు. 'టెంపో' అనే సంగీత పత్రికకు చాలాకాలం సంపాదకుడిగా ఉన్న మెక్‌డొనాల్డ్, హావర్గల్ బ్రయన్ అనే మరో విస్మృత స్వరకర్త సింఫనీల మీద కూడా మూడు సంపుటాలు రాశాడు.

తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించేది ఫౌల్డ్స్ భారతీయ సంబంధం. 1915లో పరిచయమై తర్వాత భార్య అయిన మాడ్ మెకార్తీ ఐరిష్ వయొలిన్ విద్వాంసురాలు. అనీ బిసెంట్ వెంట భారతదేశం వచ్చి దక్షిణాది సంగీతాన్ని అభ్యసించింది. ఆమె సాహచర్యంలోనే ఫౌల్డ్స్ ఆ సంగీతంలోని మేళకర్త రాగాల స్వరక్రమాన్ని పట్టుకున్నాడు. పియానోకు రాసిన 'ఎస్సేస్ ఇన్ ది మోడ్స్' ఆ సాధన ఫలం. 'త్రీ మంత్రాస్' ఆయన వదిలేసిన ఒక సంస్కృత సంగీత నాటకం నుంచి మిగిలిన భాగం.

1935లో కుటుంబం భారతదేశానికి వచ్చింది. 1937లో ఫౌల్డ్స్ ఢిల్లీ ఆలిండియా రేడియోలో యూరోపియన్ సంగీత విభాగానికి అధిపతి అయ్యాడు. భారతీయ వాద్యకారులతో ఒక బృందాన్ని నిర్మించి, స్వరలిపి చూసి వాయించడం నేర్పించాడు. హార్మోనియం మెట్ల మధ్య శ్రుతులు పలకవంటూ 1938లో రేడియో పత్రికలో ఒక వ్యాసం రాశాడు. 1940 మార్చిలో రేడియో ఆ వాద్యాన్ని నిషేధించింది. పద్యనాటకాల హార్మోనియానికి అలవాటుపడిన మన చెవులకు ఇది రుచించకపోవచ్చు గానీ, ఆయన వాదన శాస్త్రీయమైనదే. యూరోపియన్, భారతీయ వాద్యాలు రెండింటి కోసం ఆయన రాసిన 'సింఫనీ ఆఫ్ ఈస్ట్ అండ్ వెస్ట్' మాత్రం పోయింది.

రికార్డింగులు 1980ల నుంచి పెరిగాయి. సకారి ఒరామో నిర్వహణలో బర్మింగ్‌హామ్ వాద్యబృందం 2004లో, 2006లో విడుదల చేసిన రెండు డిస్కులు కొత్త శ్రోతలను తెచ్చాయి. 2007 నవంబర్ 11న వాద్యబృంద నిర్వాహకుడు లియాన్ బాట్‌స్టీన్ 'ఎ వరల్డ్ రిక్వియమ్'ను అదే రాయల్ ఆల్బర్ట్ హాలులో వినిపించాడు. నళినీ ఘూమన్ 2014లో ప్రచురించిన 'రెజొనెన్సెస్ ఆఫ్ ది రాజ్' ఫౌల్డ్స్‌తో పాటు మెకార్తీ కృషినీ వివరంగా పరిశీలించింది.