ఓవర్‌డేట్లు, అచ్చు దోషాలు (బ్రిటిషు నాణేలు)

టంకశాల అచ్చుపై పాత సంవత్సరపు అంకె మీదే కొత్త అంకెను కొట్టగా, అడుగున పాతదాని జాడ మిగిలిన నాణేన్ని ఓవర్‌డేట్ అంటారు. అచ్చు పగలడం, అందులో మడ్డి నిండడం, అక్షరం తప్పు పడడం వంటివి అచ్చు దోషాలు.

కారణం

ఉక్కు అచ్చు తయారీకి ఖర్చెక్కువ. ఏడాది మారినా అచ్చు అరగకపోతే చివరి అంకెను దిద్ది మళ్లీ వాడేవారు. విక్టోరియా పెన్నీల్లో 1848/7, 1858/7, 1865/3 ఇలా పుట్టినవే. గీటుకు ముందున్నది పైకి కనిపించే సంవత్సరం, తర్వాతది అడుగున దాగిన అంకె.

తెలుగు నేలపై

విశాఖపట్నం ఉన్న ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ 1794, 1797 సంవత్సరాలతో రాగి నాణేలు వేయించింది. 48 నాణేలు ఒక రూపాయి. ఇవి బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బౌల్టన్ నడిపిన సోహో టంకశాలలో, ఆవిరి యంత్రాలపై తయారయ్యాయి. మద్రాసు టంకశాలలో 1807 ప్రాంతంలో వచ్చిన వెండి అర, పావు వరహాల మీద గోపురం, విష్ణువు బొమ్మలతో పాటు ఇంగ్లీషు, పారశీకం, తమిళం, తెలుగు రాతలున్నాయి. నాలుగు లిపులు చెక్కవలసి రావడంతో ఈ నాణేల్లో అక్షర భేదాలు చాలా కనిపిస్తాయి.

అన్ని తేదీలూ అవి చెప్పే ఏడాదివి కావు. కంపెనీ మద్రాసులో వేసిన ఆర్కాటు రూపాయి మీద హిజ్రీ 1172 ఏళ్ల తరబడి అలాగే నిలిచింది. విక్టోరియా రూపాయి మీద కూడా 1874లో కొత్త సంవత్సరం పడేదాకా 1862 అనే ఉండేది. ఆ కాలపు బొంబాయి నాణేల అసలు సంవత్సరాన్ని వాటి మీది చుక్కలను బట్టి గుర్తిస్తారు. ఇవి ఓవర్‌డేట్లు కావు. 1911 నాటి అయిదో జార్జి రూపాయిలో రాజు ఉడుపు మీది ఏనుగు పందిలా ఉందని గొడవ రేగడంతో 1912లో బొమ్మను మార్చారు. అది చిత్రకారుడి లోపమే కాని అచ్చు దోషం కాదు.

గుర్తించడం

అచ్చులో గుంటగా ఉన్నది నాణెంపై ఉబ్బుగా పడుతుంది. కాబట్టి అచ్చు పగులు నాణెం మీద ఉబ్బెత్తు గీతగా కనిపిస్తుంది. చేతులు మారేటప్పుడు పడిన గీత లోతుగా ఉంటుంది. ఓవర్‌డేట్‌లో పాత అంకె ముక్క కూడా ఉబ్బుగానే, అదే అచ్చు నుంచి వచ్చిన ప్రతి నాణెంలోనూ ఒకే చోట ఉంటుంది. అంకె పక్కన మెట్టులా చదునైన నీడ ఉంటే, అది కొట్టేటప్పుడు అచ్చు కదలడం వల్ల వచ్చింది. అచ్చులో మడ్డి నిండితే అక్షరం మసకబారుతుంది, లేదా మాయమవుతుంది.

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఏటవాలు వెలుగు ఈ పరీక్షకు చాలు. పోల్చడానికి ప్రిడ్మోర్ రాసి 1975లో వెలువరించిన ఈస్టిండియా కంపెనీ నాణేల జాబితా ప్రామాణికం. నాణేన్ని తోమితే పాత అంకె జాడ అరిగిపోతుంది. అందుకే పరీక్షకు ముందు దాన్ని శుభ్రం చేయకూడదు.