వంట సామానుతో ఫ్రెంచి ఊళ్లకు

మన సంఘం ప్రతి చలికాలమూ ఒక యాత్ర చేస్తున్నది. అన్నవరం, అరసవల్లి, శ్రీకూర్మం, అరకు అందరమూ చూసినవే. ఈసారి కొత్త దారి ఏదైనా సూచించమని కార్యవర్గంవారు అడిగినందున ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా అబ్బాయి కెనడాలో ఉంటాడు. మంచాలు, పొయ్యి, స్నానాల గది అన్నీ అమర్చిన బండి ఒకటి అద్దెకు తీసుకుని, కిందటేడు భార్యాపిల్లలతో క్యూబెక్ నగరం చూసివచ్చాడు. ఫ్రెంచివారు 1608లో స్థాపించిన ఊరు అది. ఇప్పటికీ అక్కడి వీధుల్లో వినబడేది ఫ్రెంచి భాషే. "మన వైపు అటువంటి ఊళ్లు లేవు కదా నాన్నా!" అన్నాడు ఫోనులో. ఉన్నాయి. ఆ దారి మన పూర్ణా మార్కెట్ పక్కనున్న పాతనగరంలోనే మొదలవుతుంది.

1753లో నిజాము సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చాడు. మన పెద్దలు వారిని పరాసులు అనేవారు. వారి సేనాని బుస్సీ 1757 జనవరి 24న బొబ్బిలి మీద పడిన సంగతి బుర్రకథల ద్వారా మనందరికీ తెలుసు. ఆ ఏడాది జూన్‌లోనే అతడు విశాఖపట్నంలోని ఇంగ్లీషువారి వర్తకస్థావరాన్ని కూడా పట్టుకున్నాడన్నది చాలామందికి తెలియదు. ఏడాదికి పైగా మన ఊరు ఫ్రెంచివారి చేతిలో ఉంది.

1758లో విజయనగరం ప్రభువు ఆనందగజపతి రాజు విశాఖను వారినుండి తీసుకుని, ఇంగ్లీషువారికి కబురు పెట్టాడు. క్లైవు బెంగాలు నుండి కల్నల్ ఫోర్డును పంపాడు. అక్టోబరులో మన రేవులో దిగిన ఆ సేన, డిసెంబరులో గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్‌ను ఓడించింది. రాజమండ్రి, ఏలూరు మీదుగా సాగి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను పట్టుకుంది. అదే సంవత్సరం సెప్టెంబరులో, అదే యుద్ధంలో భాగంగా, క్యూబెక్ కూడా ఇంగ్లీషువారి వశమైంది.

ఒకే ఏడాది రెండు చోట్లా ఓడినా, అక్కడ భాష నిలిచింది, ఇక్కడ నిలవలేదు. ఎందుచేత? అక్కడ అరవై వేలకు పైగా ఫ్రెంచి జనం భూమి దున్నుకుంటూ స్థిరపడి ఉన్నారు. ఇక్కడికి వచ్చినవారు వర్తకులు, సైనికులు, అధికారులు. జెండా దిగిన తరువాత వారి మాటా వారితోనే పోయింది. భాషను నిలిపేది కోటలు కావు, ఇళ్లలో మాట్లాడుకునే మనుషులు. విదేశాల్లో మనుమలున్న మనం ఆలోచించవలసిన సంగతి ఇది.

ఇక ప్రయాణం. మనకు ఇంటిబండి అక్కరలేదు. ఒక మినీబస్సు, ఒక వంటమనిషి, గ్యాసుపొయ్యి, పరుపుచుట్టలు ఉంటే చాలు. పప్పులు, చింతపండు, అల్లం పూర్ణా మార్కెట్లోనే కొనుక్కుందాం. కేంద్ర పెన్షనర్లు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేస్తారు, తుపానుల భయమూ తగ్గుతుంది. కనుక డిసెంబరు నెలాఖరు అనుకూలం. చీకటి పడ్డాక బండి నడపరాదు.

మొదటి రోజు ఉదయం పాతనగరంలో సెయింట్ అలోషియస్ పాఠశాల చూద్దాం. ఫ్రెంచి మాట్లాడే అనెసీ పట్టణం నుండి 1846లో వచ్చిన మిషనరీలు 1847లో పెట్టిన బడి అది. అక్కడినుండి కత్తిపూడి చేరి 216వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే చందుర్తి దగ్గరే. రాత్రికి పిఠాపురంలో బస. పాదగయ దర్శనం కూడా అవుతుంది.

రెండవ రోజు కాకినాడ, కోరంగి మీదుగా యానాం. 1723లో ఫ్రెంచివారు అక్కడ కొట్లు తెరిచారు. మధ్యలో పలుమార్లు ఇంగ్లీషువారి చేతిలోకి పోయినా, 1814 ఒప్పందంతో తిరిగి ఫ్రెంచివారికే దక్కింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో విముక్తి పొందింది. చట్టరీత్యా భారతదేశంలో కలిసింది 1962 ఆగస్టు 16న. ఆ తరువాత ఆరు నెలల లోపు ఎవరికి వారు ఫ్రెంచి పౌరసత్వం కోరుకునే వీలు కల్పించారు. ఫ్రాన్సు సైన్యంలో పనిచేసి ఆ ప్రభుత్వం పెన్షను అందుకున్నవారు పుదుచ్చేరిలో ఎందరో ఉన్నారు. అటువంటివారు మనకూ ఒకవిధంగా సహోద్యోగులే!

యానాంతో నాకు ఇంకొక బంధం ఉంది. శారదా చట్టం 1930లో అమలులోకి వచ్చి, పధ్నాలుగేళ్లు నిండని ఆడపిల్లలకు పెళ్లి చేయరాదన్నది. ఫ్రెంచి గడ్డ మీద ఆ చట్టం చెల్లదు కనుక మనవారు బండ్లు కట్టుకుని అక్కడికి పోయి పెళ్లిళ్లు చేసేవారు. ఊరికి కల్యాణపురం అన్న పేరే వచ్చింది. మా అమ్మమ్మ పెళ్లి అక్కడే జరిగింది, తొమ్మిదవ ఏట. ఆమెకు గుర్తున్నది గోదావరి ఒడ్డు, నిద్రమత్తు మాత్రమే. బడికి పోవాలన్న కోరిక ఆమెకు చివరివరకూ తీరలేదు. కల్యాణపురం అన్న పేరు వినడానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ ముచ్చట వెనుక ఇటువంటి పిల్లలు ఎందరో ఉన్నారన్నది మన మనుమరాళ్లకు అక్కడే నిలబడి చెప్పాలి.

మూడవ రోజు గౌతమి మీద వంతెన దాటి, అమలాపురం, నర్సాపురం మీదుగా మచిలీపట్నం. అక్కడి పరాసుపేటలో ఫ్రెంచివారికి మిగిలిన కాస్త హక్కూ 1947 అక్టోబరులో మన దేశానికి వచ్చింది. బందరు లడ్డు విషయంలో షుగరు ఉన్నవారు తమ తమ విచక్షణ ఉపయోగించగలరు.

మోకాళ్లు ఇంకా మాట వింటున్నప్పుడే వెళ్లడం మంచిది. వీలైతే మనుమలలో ఒకరినైనా వెంట తీసుకురండి. రాదలచినవారు తమ పేర్లు కార్యదర్శిగారికి ముందుగా ఇవ్వవలసిందిగా మనవి.